మా ప్రెస్సుకు కింది కుడి మూల

మా తమ్ముడు శ్రీను ఫోన్ చేసి, “అక్కా, నాయిన ప్రెస్సుకు బంగారు రంగేస్తరట, ఇయ్యమంటవా?” అని అడిగాడు. వాడు నన్నేదైనా అడిగాడంటే అవతలివాళ్లకు అప్పటికే మాటిచ్చేశాడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. హనుమకొండలో కొత్తగా కాఫీ హోటలు పెడుతున్న కుర్రవాడెవరో పాత సామాన్ల కోసం వీధులన్నీ గాలిస్తున్నాడట. గిర్మాజీపేటలో మా ఇంటి మెట్ల కింద, ఇన్వర్టర్ బ్యాటరీకి పీటగా పడివున్న నాయిన చేతి ప్రెస్సు వాడి కంట్లో పడింది. దాన్ని తోమించి, బంగారు రంగు కొట్టించి, రోలర్లు తిరిగేచోట మనీప్లాంటు కుండీ పెట్టిస్తాడట. వచ్చినవాళ్లు పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారట. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన మిషను నెత్తిన పూలకుండీ పెట్టుకుని పళ్లికిలించడమేమిటి? “నేనొచ్చేదాంక దాన్ని ముట్టనియ్యకు” అని ఫోన్ పెట్టేసి, ఆటో ఎక్కాను.

కుట్టుమిషనంత ఉంటుంది మా ప్రెస్సు. బల్ల మీద కూర్చుంటుంది. పైన సిరా పూసే గుండ్రటి పళ్లెం, దాని కింద అక్షరాల చట్రం బిగించే ఇనప పలక, ఎదురుగా కాగితం ఆనించే ఇంకో పలక. పక్కనున్న పిడి కిందికి లాగితే రోలర్లు పళ్లెం మీది సిరా తీసుకుని అక్షరాలకు పూసి పైకి పోతాయి, రెండు పలకలూ దవడల్లా మూసుకుంటాయి, కార్డు అచ్చవుతుంది. పెండ్లి కార్డులు, పేరు కార్డులు, కిరాణా కొట్ల బిల్లు బుక్కులు, సంవత్సరీకం కార్డులు. వరంగల్లో సగం మందికి పెండ్లి చేసింది, ఇంకో సగం మందిని సాగనంపింది ఈ మిషనేనని నాయిన గొప్పలు చెప్పేవాడు. అందులో సగమే నిజం.

నేను వెళ్లేసరికి అమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటింది. చెవులు కొంచెం మందగించాయి గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. “తీస్కపోనియ్యే, సరోజా” అంది, నేను చెప్పులు కూడా విడవకముందే. “వంకర మిషను. మన ఇంట్ల ఉన్నప్పుడు ఏం ఉద్ధరించింది? ఆడనన్న నలుగురు సూస్తరు.” వంకరేమీ లేదని నేనన్నాను. “అవు, మిషను వంకర గాదు. మీ నాయిన చెయ్యి వంకర” అంది. ఇంట్లో నాయిన ఫొటోకు దండ వేసి ఇన్నేళ్లయినా ఆ మాట మాత్రం ఆగలేదు. దండ వేస్తూ కూడా అనేది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. దసరా దాకా గడువివ్వమని, నాయిన చెయ్యి వంకర కాదని ఈ మిషనుతోనే అచ్చేసి చూపిస్తానని, చూపించలేకపోతే పూలకుండీ కాదు, చెప్పుల స్టాండు చేసుకున్నా నాకు ఫికరు లేదని అందరి ముందూ అనేశాను. శ్రీను నవ్వాడు. వాడిది ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణం. వాడికి అన్నీ నవ్వులే.

ఈ వంకర సంగతేమిటో చెప్పాలి. మా ప్రెస్సుకు కింది కుడి మూల సరిగ్గా పడేది కాదు. కార్డంతా నిగనిగలాడుతూ వచ్చి, ఆ మూలకొచ్చేసరికి అక్షరాలు నీరసపడిపోయేవి, ఉపవాసమున్నట్టు. నాయిన సిరాను తిట్టేవాడు, కాగితాన్ని తిట్టేవాడు, వానాకాలమైతే చెమ్మను, ఎండాకాలమైతే ఎండను తిట్టేవాడు. సిగరెట్టు పెట్టెల అట్టలు, పాత క్యాలెండరు ముక్కలు చింపి, ఆ మూల ఎత్తు కావడానికి కాగితం పలక మీద అంటించేవాడు. నాలుగు రోజులు బాగుండేది, తర్వాత అట్ట అణిగిపోయి మళ్లీ మామూలే. ఒకసారి తెలివిగా చట్రాన్ని తలకిందులు చేసి బిగించాడు. అప్పుడు పైన ఎడమ మూల వెలిసిపోయింది, అక్కడున్నది ‘శ్రీరస్తు’. కార్డులేయించుకున్న పార్టీ వాళ్లు గొడవకొచ్చారు. నాయిన చట్రాన్ని మళ్లీ మామూలుగా తిప్పేస్తూ, “దేవుడు వెలిసిపోతే ఊకోరు బిడ్డా, మనుషులు వెలిసిపోతే సర్దుకుంటరు” అన్నాడు. అప్పటి నుంచీ ఆ మూలలో పెద్దగా పట్టింపు లేనివాళ్ల పేర్లు వేయడం మా ఇంటి పద్ధతి.

ముందు గదే మా ప్రెస్సు. అక్షరాలు కూర్చేది నాయిన, పిడి లాగేది నేను, అచ్చయినవాటిని నులక మంచం మీద ఆరబెట్టేది అక్క విమల. నాలుగు మూలలా పసుపు అద్దేది అమ్మ. కిరసనాయిలు వాసన, సిరా వాసన, వంటింట్లోంచి తిరగమాత వాసన కలిసి మా బట్టల్లో ఎప్పుడూ ఉండేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల రోజూ ముక్కు మూసుకునేది, నేను దాన్ని రోజూ గిచ్చేదాన్ని. నాయినకు పూజలంటే గిట్టదు. గుడి ముందు నుంచి పోతూ చెప్పులు కూడా విడిచేవాడు కాదు. అమ్మకు అదే పెద్ద బెంగ. ఈయన వాటా పుణ్యం కూడా తానే సంపాదించాలన్నట్టు ఇంట్లో చేయని నోము లేదు. దసరా వచ్చిందంటే ప్రెస్సు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదుబత్తులు సిరా పళ్లెం సందులో గుచ్చి, కొబ్బరికాయ కొట్టేది. ఎక్కడ కొట్టేదంటే, ప్రెస్సు మీదే. అక్షరాల పలక వెనక నాలుగు మూలలా నాలుగు బోల్టులుంటాయి. వాటిలో కింది మూలదొకటి కాస్త బయటికి పొడుచుకుని, కాయ కొట్టడానికే దేవుడు పెట్టినట్టుండేది. దాని మీద అమ్మ కాయ కొడితే ఒక్క దెబ్బకు రెండు చిప్పలు. ఒక్క దెబ్బకు పగిలితే ఏడాదంతా పనికి లోటుండదని అమ్మ నమ్మకం. పగిలిన కాయలోని నీళ్లు అక్కడే, ఆ బోల్టు మీదే పోసేది. మేం చప్పట్లు కొట్టేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులు నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

అక్క పెండ్లి కుదిరింది. సొంత ప్రెస్సులో సొంత బిడ్డ కార్డు. నాయిన మూడు పూటలు అన్నం మానేసి అక్షరాలు కూర్చాడు. ఆ కంగారులో మా ఇంటి పద్ధతి మరిచిపోయి, కింది కుడి మూలలో ‘మేనమామ’ అని వేసి, దాని కింద అమ్మ అన్న యాదగిరి మామ పేరు వేశాడు. పేరు ఎప్పటిలాగే నీరసంగా పడింది. దాని మీద అమ్మ ఎప్పటిలాగే వేలు ముంచి పసుపద్దింది. శుభమని కాస్త ధారాళంగానే అద్దింది. అంతే, పేరు మునిగిపోయింది. యాదగిరి మామది మరిపెడ. ముక్కు మీద కోపం. కార్డు చేతికందిన మర్నాడే బస్సెక్కి వచ్చేశాడు. గడప లోపలికి రాలేదు. అరుగు మీద నిలబడి కార్డును ఎండకు పట్టి ఒక కన్ను మూసి చూస్తూ, “నా పేరు కనవడ్తలేదేంది చెల్లె? సచ్చిపోయిన్ననుకున్నరా?” అన్నాడు.

“అయ్యో అన్నా, అవేం మాటలే! లోపలికి రా, మంచినీళ్లు తాగు.”

“నీళ్లద్దు, ఏమద్దు. మా ఊర్ల అందరు అడుగుతాండ్రు, మేనమామవు నువ్వు గాదా, ఇంకెవ్వరన్న ఉన్నరా అని. పేరు లేనోడు గంప ఎట్ల వడతడు? వేరేటోన్ని సూసుకోండ్రి.”

గంప పట్టకపోతే పెండ్లెలా జరుగుతుంది? మేనమామ పిల్లను గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తే గాని మా వైపు పీటల మీదికి రాదు. మేనమామ అలిగాడని తెలిస్తే మగపెండ్లివాళ్లు ఏమంటారోనని అక్క గుడ్లనీళ్లు కుక్కుకుంది. అమ్మ నాయిన మీద అగ్గి మీద గుగ్గిలమైంది. “ఊరోళ్ల పెండ్లిళ్లన్ని కరాబ్ చేసింది సాలదా? నీ చెయ్యే వంకర! మా అన్నను అందరిల తీసిపారేస్తివి!” నాయిన మాత్రం మామ ఎటు పోయాడో చూడలేదు, బతిమాలలేదు. ప్రెస్సు ముందు కూర్చుని, వంగి, వెనక బోల్టుల వైపు చాలాసేపు చూశాడు. ఏం చూస్తున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చట్రం విప్పి, యాదగిరి మామ పేరును కార్డు నడుమకు తెచ్చి, మా దగ్గరున్న అన్నింటికన్నా లావు అక్షరాల్లో కూర్చాడు. పెండ్లికొడుకు పేరు కంటే మామ పేరు పెద్దదైంది. కుడి మూల ఖాళీ అయింది కదా, అక్కడ తన పేరు వేసుకున్నాడు.

కొత్త కార్డు చూసి మామ మీసం తిప్పాడు. గంప పట్టాడు, పట్టడమే కాదు, మండపం చుట్టూ అవసరానికి మించి ఇంకో చుట్టు కూడా తిప్పాడు. మగపెండ్లివాళ్లు మాత్రం, “పిల్ల తండ్రి పేరు కనవడ్తలేదు, ఎప్పుడు పోయిండు పాపం?” అని అమ్మనే అడిగారు. నాయిన ఆ పక్కనే నిలబడి మజ్జిగ పంచుతున్నాడు. అమ్మ ఆ అవమానం కూడా నాయిన ఖాతాలోనే వేసింది. “కన్నబిడ్డ కార్డు మీద నీ పేరన్న సక్కగ కొట్టుకోలేకపోతివి” అని బతికినన్నాళ్లూ పొడిచింది. పోయాక ఫొటోను పొడుస్తోంది. ఆయన నవ్వి ఊరుకునేవాడు, ఫొటోలోనూ నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇప్పుడు మెట్ల కింది నుంచి ప్రెస్సును బయటికి లాగితే, శ్రీనుకు నడుం పట్టేసింది, నాకు చేతినిండా బొద్దింకలు. రోలర్ల రబ్బరు ఒక పక్క అణిగి, రాయిలా బిగుసుకుపోయింది. రైల్వే గేటు దగ్గర రబ్బరు పని చేసేవాళ్లకిచ్చి కొత్తది పోయించాం. సిరా పళ్లెం మీద ఎప్పటిదో సిరా తారులా గడ్డకట్టింది. కిరసనాయిలు దొరక్క పెయింటు కలిపే నూనెతో రుద్దాను. కాగితం పలక మీది అట్టలు ఊడదీస్తుంటే, ఒకదాని కింద ఒకటి, ఊరందరి పెండ్లిళ్ల ముక్కలూ, సినిమా కరపత్రాలూ, సిగరెట్టు పెట్టెలూ వస్తూనే ఉన్నాయి. మూడు మూలలా పల్చగా, ఒక్క కుడి మూలన దిండంత. నాయిన ఓపికకు దండం పెట్టాలో, తల కొట్టుకోవాలో తెలియలేదు.

అట్టలన్నీ తీసేసి, అక్షరాల పలకను వెనక్కి తిప్పి చూశాను. నాలుగు బోల్టులున్నది అందుకే. ఏ మూల తేలిగ్గా పడితే ఆ మూల బోల్టు బిగిస్తే పలక ముందుకొచ్చి అచ్చు గట్టిగా పడుతుంది. మూడు బోల్టులు నూనె పోస్తే మాట విన్నాయి. నాలుగోది, కార్డు కింది కుడి మూలకు వెనకున్నది, కదలలేదు. పానా పెడితే పట్టలేదు, పట్టడానికి దానికి అంచులు మిగిలితే కదా. తల నలిగి నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంది. మర చుట్ల సందుల్లో తుప్పు, కుంకుమ, పసుపు కలిసి సిమెంటులా బిగుసుకున్నాయి. దగ్గర పెట్టుకుని వాసన చూస్తే, ఒట్టు, ఇంకా ఊదుబత్తి వాసన. అమ్మ కొబ్బరికాయ! ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ, దాని మీద ఉప్పటి కొబ్బరినీళ్లు. ఇక ఆ బోల్టు ఎవరికి తిరుగుతుంది? నాయిన చెయ్యీ కాదు, సిరా కాదు, చెమ్మ కాదు. నాకు ఒక్కసారిగా లేచి గంతెయ్యాలనిపించింది. నేరస్థురాలు లోపల మంచం మీద కూర్చుని ఉప్మాలో కరివేపాకు ఏరి పారేస్తోంది.

కానీ పానా పెట్టడానికి నేను పక్కకు నెట్టేసిందేమిటో అప్పుడు చూశాను. నలిగిన బోల్టు తల చుట్టూ, పైనుంచి దెబ్బ పడేచోట, సైకిలు ట్యూబు ముక్క మడతపెట్టి సన్నని తీగతో కట్టివుంది. ముడి నాయినదే, చట్రానికి దారం కట్టినట్టు రెండుసార్లు మెలేసిన ముడి. అప్పుడు గుర్తొచ్చింది. అక్క పెండ్లి తర్వాత దసరాల్లో, అమ్మ కాయ ఎత్తే ముందు, నాయిన భుజం మీది తువ్వాల తీసి మడతపెట్టి ఆ మూలన వేసేవాడు. “నీళ్లు కారతయ్ గదనే” అనేవాడు. పూజంటేనే పడని మనిషి తువ్వాల పరుస్తున్నాడని మేం తెగ మురిసిపోయేవాళ్లం. ఆ ఏళ్లలోనే అనుకుంటా, కాయ ఒక్క దెబ్బకు పగలడం కూడా మానేసింది. అమ్మ రెండు, మూడు, నాలుగు దెబ్బలు కొట్టి, “ఈ నడుమ కాయలు మస్తు గట్టిగ వస్తానయ్” అని కాయలమ్మే బండివాణ్ని తిట్టేది. అంటే ఈ పెద్దమనిషికి అన్నీ తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు. బతికినన్నాళ్లూ తిట్లు తిని, తువ్వాల పరిచి, ట్యూబు కట్టి, పోయాడు. ఆ బోల్టును పట్టుకుని కోపంతో, ఇంకా దేనితోనో, ఏడ్చాను. శ్రీను తుప్పు కంట్లో పడిందనుకుని నీళ్లు తెచ్చాడు.

లేతు మిషను దుకాణంలో బోల్టు తొలిచి తీయించాం. కొత్తది చేసిచ్చారు, మర కుదరలేదు. ఇంకోటి చేసిచ్చారు, పొడవు కుదరలేదు. వాళ్లకూ నాకూ మాటా మాటా పెరిగాక మూడోది కుదిరింది. నాలుగు మూలలా ఒకే సైజు ‘అ’ పెట్టి, పిడి లాగి, చూసి, బోల్టు పావు వంతు తిప్పి, మళ్లీ లాగి. ఈ మూల పైకొస్తే ఆ మూల అలుగుతుంది, మా చుట్టాల పెండ్లిలాగే. తల ప్రాణం తోకకొచ్చింది. శ్రీను పక్కన కూర్చుని, కంప్యూటర్లో ఇదంతా ఒక్క నిమిషం పని అని గుర్తుచేస్తూనే ఉన్నాడు. నిజమే. వాడి ఫ్లెక్సీల్లో మేనమామలు కళ్లజోళ్లు పెట్టుకుని పెండ్లికొడుకు కంటే పొడుగ్గా నిలబడతారు. ఫోన్లో వచ్చే పెండ్లి పిలుపుల్లో పేర్లు గిరగిరా తిరిగి, మెరిసి, పాటతో సహా మాయమవుతాయి. ఎవరి పేరూ వెలిసిపోదు, ఎవరి పేరూ రేపటికి గుర్తుండదు. యాదగిరి మామ ఇప్పుడుంటే అలగడానికి కారణమే దొరక్క ఇబ్బంది పడేవాడు.

దసరా పొద్దున నాలుగు ‘అ’లూ ఒక్కలాగే పడ్డాయి. డబ్బాల్లో మిగిలిన అక్షరాలు ఏరి, అక్క పెండ్లి కార్డు అడుగు వరసలు గుర్తున్నంతవరకు కూర్చాను. కుడి మూలన ‘సాంబయ్య’ అని నాయిన పేరు. ఇంక పిడి లాగడమే. లాగి, ఆ కార్డు అమ్మ మొహాన పెట్టి, బోల్టూ, ట్యూబూ పక్కన పెట్టి, ఎవరి చెయ్యి వంకరో చెప్పు అని అడగాలని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అంతలో అమ్మ వచ్చింది. తలస్నానం చేసి, పండుగ చీర కట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పీచు తీసిన కొబ్బరికాయ. “జరగు. ముందు కాయ కొట్టాలె” అంది. సూటిగా ఆ మూలకే వస్తోంది.

కొత్త బోల్టు! చెప్పాల్సిన సమయం ఇదే. కానీ గోడ పట్టుకుని అడుగులో అడుగేయడం చూశాను, చీర కుచ్చిళ్లు శ్రద్ధగా పెట్టుకోవడం చూశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, సిరా తుడుచుకునే తువ్వాల మడతపెట్టి ఆ మూలన వేశాను. “నీళ్లు కారతయ్” అన్నాను.

అమ్మ ఆగింది. తువ్వాలను చూసింది, నన్ను చూసింది.

“మీ నాయిన గూడ గిట్లనే పెడ్తుండె” అంది. “నాకు తెల్వదనుకున్నడు, పిచ్చోడు.”

“నీకు తెల్సా?”

“విమల పెండ్లైన ఏడాదే తెల్సింది. పూజకు మొక్కనోడు తువ్వాలెందుకు పరుస్తడే? అప్పటిసంది మెల్లగనే కొట్టిన. కాయ పగులకపోతే బండోన్ని తిట్టిన.”

“మరి కొట్టుడే ఆపొచ్చు గదనే!”

“ఆపితే? తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు గాదా?” అంది, నాకే బుద్ధి లేనట్టు చూస్తూ. “ఆయన అడగలే. అడిగితే ఆపుతుంటి.” వెంటనే కాయను శ్రీను చేతిలో పెట్టింది. “పో, బయట మెట్టు మీద కొట్టుకరా. ఒక్క దెబ్బకు పగలాలె.”

కాయ పగిలిన చప్పుడు వినిపించాక పిడి లాగాను. పలకలు మూసుకుని తెరుచుకున్నాయి. కార్డు తీసి అమ్మ చేతికిచ్చాను. అలవాటు కొద్దీ వేలు పసుపులో ముంచి మూడు మూలలా అద్దింది. నాలుగో మూల దగ్గర వేలు ఆగిపోయింది. కార్డును వాకిట్లోకి తీసుకెళ్లి, వాళ్లన్నలాగే ఎండకు పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

“ఇగ కనవడ్తాండు” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడు సక్కగ ఎదురుంగ నిలవెట్టి తిట్టచ్చు.”